కూతకెళ్ళిన మనిషి

బాత్రూం గుమ్మం ముందు ఆగిపోయింది.
పొద్దున్న ఏడూ పది. ఏడున్నర పంటుకి
నేను మాధవాయిపాలెం రేవులో ఉండాలి, టికెట్లు చింపాలి.
ఎస్తేరు కాళ్ళు గచ్చుకి అతుక్కుపోయాయి,
పోటు తీశాక బురదలో దిగబడ్డ నావలా.

తోస్తే పడిపోతుంది. లాగితే ఏడుస్తుంది.
మాయమ్మ వెనకనించి నడుం పట్టుకుని
"అడుగెయ్యవే తల్లీ, ఒక్కడుగు" అంటుంది,
ఒకప్పుడు ఇదే కోడలి నిక్కర్లు
వీధివైపు తీగ మీద ఆరెయ్యనివ్వని మనిషి.

భీమవరం డాక్టరు కాగితం మీద బొమ్మేసి చెప్పాడు:
మెదడులో ఉప్పుగల్లంత చోట
సరుకు అయిపోతోందట. మళ్ళీ రాదట.
చెయ్యి వణుకుతుంది, గొంతు సన్నబడుతుంది,
పోనుపోను పేర్లు కూడా పోవచ్చట.
"ఆటలేమైనా ఆడేవారా?" అన్నాడు, ఊరికే.
నేను చెప్పలేదు. ఎక్కడ మొదలెట్టను?

ఎనభై ఆరులో, చీకటి పడే వేళ పంటు మీద
అమలాపురంలో గెలిచి వస్తున్న ఏడుగురు ఆడపిల్లలు.
మోకాళ్ళకి ఎండిన మట్టి, ఒకరి ఒళ్ళో షీల్డు.
ఆనందం మాస్టారు జేబులన్నీ తడుముకుంటుంటే
చివర్న కూచున్న పిల్ల నాతో పందెం కాసింది:
"ఇక్కడెత్తుకున్న కూత
ఆ ఇసకమేట దాటేదాకా తెగనివ్వను.
టికెట్లు ఊరికే ఇస్తావా?"
కబడ్డీకబడ్డీకబడ్డీకబడ్డీ
వశిష్ఠ మీద అంత పొడుగు ఊపిరి
మళ్ళీ నేను వినలేదు.
ఎనిమిది టికెట్ల డబ్బులూ నా జీతంలో కోశారు.
ఆ బాకీ ఇంకా తీరలేదంటుంది మాయమ్మ.

ఇప్పుడా గొంతు దోమ మోత కన్నా చిన్నది.
మంచినీళ్ళు కావాలన్నా
పెదాలకి చెవి ఆనించి వినాలి.

గీతలు గియ్యమన్నది కెజియా.
నేల మీద గీత కనపడితే
ఆగిపోయిన కాలు దాన్ని దాటడానికి లేస్తుందట,
ఫిజియోథెరపీ ఆయన చెప్పాడట.
మా ఇంట్లో ముగ్గుడబ్బా ఎక్కడిది?
పక్కింటి కనకరత్నం గారినడిగి దోసెడు పిండి తెచ్చి
మంచం నించి బాత్రూం దాకా గీసింది పిల్ల.
ఎస్తేరు మొదటి గీతకేసి చూసి ఏదో అంది.
చెవి ఆనించాను.
"వంకరుంది."

చెరిపి, టేపుతో కొలిచి, మళ్ళీ గీశాం.

వంగింది. కుడిచెయ్యి ముందుకు చాచింది.
వణుకు అదే వణుకు, కానీ
ఎవర్ని తాకాలా అని చూస్తున్న వేళ్ళవి.
మధ్యగీత దాటింది. బాక్ లైను దాటింది.
పెదాలు ఆడుతున్నాయి. మాయమ్మ నోటికి కొంగడ్డం పెట్టుకుంది.
బోనస్ దగ్గర ఒక కాలు గాల్లోకి లేచినప్పుడు
నా పై ప్రాణం పైనే పోయింది.
లోపలికి వంగి బకెట్టుని వేలితో తాకి
గిర్రున తిరిగి, వచ్చిన దారినే వచ్చి
మంచం మీద కూలబడింది.
పాయింటు.

స్నానం మాత్రం లేదు.
వారం రోజులు ఇదే వరస. బకెట్టు అవుటు, మగ్గు అవుటు,
తువ్వాలు పట్టుకు నించున్న నేను అవుటు.
మాయమ్మ నవ్వీ నవ్వీ
గోడవైపు తిరిగి కూచుంది, చాలాసేపు.

ఎనిమిదో రోజు నేను లోపలే మాటేశాను.
తాకి తిరగబోతుంటే నడుం పట్టాను.
ఇటు మాయమ్మ, అటు కెజియా,
చేతికి చెయ్యి గొలుసు కట్టాం.
పెనుగులాడింది, ఉత్తుత్తికి కాదు,
మోచెయ్యి తగిలి నా పెదవి చిట్లింది.
అప్పుడు తెగింది కూత.

ఊపిరి పీల్చుకుని నా మొహంలోకి చూసింది.
పేరు కోసం వెతుకుతోందని తెలుస్తోంది,
దొరికిందో లేదో తెలీలేదు.
"మంచి పట్టు" అంది.

చెంబుతో నీళ్ళు పోశాను. తల వంచుకుని పోయించుకుంది.
రేవు వైపు నించి హారను. ఏడున్నర పంటు వెళ్ళిపోయింది.
తడికాళ్ళ కింద గీతలు కలిసిపోయాయి.
పిండి ఇంకాస్త కావాలని
కనకరత్నం గారికి చెప్పాలి.