తొమ్మిదికీ పదికీ మధ్య

మొదట వంటింటి బల్ల.
దానిమీద మా అత్త ఎతెరి
అక్రోట్లు పగలగొట్టేది.
ఒక్కో దెబ్బకి నాది ఒక్కో మాట ఎగిరిపోయేది.
పెంకుల్లో వెతుక్కుంటే
సగం సగం దొరికేవి.

తర్వాత స్నానాల గది.
ఎండిన తొట్టిలో దుప్పటి పరుచుకుని,
మోకాళ్ళమీద కాగితాలు.
బయటినుంచి తలుపు తట్టేవాళ్ళు:
"లామారా, ఒంట్లో బాలేదా?"
బాలేదనే చెప్పేదాన్ని.
కథ రాస్తున్నానని చెప్పడంకన్నా
అది తేలిక.

కొన్నాళ్ళు మెట్రోలో.
మా త్బిలిసిలో మెట్లు వాటంతటవే దిగుతాయి,
పాతాళం దాకా.
కిందికి చేరేలోపు ఒక వాక్యం,
పైకొచ్చేలోపు దాని కొట్టివేత.
గ్రంథాలయం తలుపుకి "త్వరలో" అన్న బోర్డు,
మూడేళ్ళుగా.
కాఫీ కొట్లో కప్పు ఖాళీ అయితే చాలు,
కుర్రాడు గుడ్డ తెచ్చి బల్ల తుడిచేస్తాడు,
నాతో సహా.

అప్పుడు ఝుఝునాకి కీళ్ళ నొప్పులు ముదిరాయి.
కొండమీది మా పదహారంతస్తుల ఇంట్లో
లిఫ్టు నడిపేది ఆవిడే.
ఎక్కడానికి పది తెత్రీలు. దిగడం ఊరికే.
నాకు అప్పజెప్పినవి:
కుంటి ముక్కాలిపీట,
చిల్లర డబ్బా,
బాకీల పుస్తకం.

జానెడు చోటు.
నలుగురెక్కితే నా మోచెయ్యి ఎవరి సంచీలోనో ఉంటుంది,
కొత్తిమీర వాసనేస్తూ.
అయినా పిల్లలు బడినుంచి వచ్చేదాకా
ఎవరూ పిలవరు.
తలుపులు మూసుకుంటే
పసుపు బల్బూ, నేనూ,
గోడమీద ఎవరో మేకుతో గీకిన
"మాక్వలా, క్షమించు."
బాకీల పుస్తకం వెనకనుంచి మొదలుపెట్టాను.
ముందునుంచి అప్పులు, వెనకనుంచి కథ.
రెండూ ఎదురెదురుగా నడిచొస్తున్నాయి.
ఏ పేజీలో ఢీకొంటాయో నాకూ తెలీదు.

జనవరిలో ఒక సాయంత్రం కరెంటు పోయింది.
లోపల అయిదుగురం.
వేడి రొట్టెలతో మ్జియా;
పద్నాలుగో అంతస్తు వాఝా, ఎప్పుడూ బాకీయే;
ఎవరింటికో వచ్చిన అతిథి, వైను సీసా కావలించుకుని;
ఒక చేతి తొడుగు పారేసుకున్న ఆరేళ్ళ తొర్నికె;
పీటమీద నేను.
మ్జియా రొట్టె తుంచి పంచింది.
ఎవరి చేతికి ఏ ముక్క చేరిందో తెలీదు.
"ఎప్పుడూ గీకుతుంటావుగా, అదేదో చదువు,"
అన్నాడు వాఝా.

చీకట్లో చదవడమేమిటి!
కానీ పదిసార్లు కొట్టేసి రాసింది
కంఠతా వచ్చేస్తుంది.
ఒకావిడ పొద్దున్నే లేచి
కిటికీ పక్కన పొయ్యి వెలిగించి
మంచు చూస్తూ నిలబడుతుంది, అని మొదలుపెట్టాను.
రేకు గోడలకి తగిలి నా గొంతు
ఎవరిదో అయి తిరిగొచ్చింది.
ఆగాను.

ఎవరూ మెచ్చుకోలేదు.
"పొయ్యి కిటికీ పక్కన ఉండదు," అంది మ్జియా.
"గ్యాసు గొట్టం తలుపు వైపు. పదహారంతస్తుల్లోనూ అంతే."
"కిటికీలోంచి మంచేం కనపడుతుంది,
ఎదురింటి గోడ తప్ప?" వాఝా.
"మా బతూమిలోనూ ఇంతే," అన్నాడు అతిథి,
దేని గురించో మరి.
తొర్నికె మాత్రం,
"తర్వాత?" అన్నాడు.

తర్వాత లేదు.
నలభై పేజీలు రాశాను.
ఏ గదిలోనూ, ఏ తొట్టిలోనూ
నన్నెవరూ ఆ మాట అడగలేదు.

కరెంటొచ్చింది. ఒక్క కుదుపు.
వాఝా దిగుతూ అయిదు తెత్రీలే చేతిలో పెట్టాడు.
"మధ్యలో ఆపావుగా. సగమే."

ఆ రాత్రి పుస్తకం తెరిచి
ముందువైపు "వాఝా, అయిదు" అని రాసుకున్నాను.
వెనక్కి తిప్పి,
పొయ్యిని మోసుకొచ్చి తలుపు పక్కన పెట్టాను.
బరువే.
పెట్టాక చూస్తే
ఆవిడ వీపు కిటికీ వైపు తిరిగింది,
మొహం తలుపు వైపు.

ఎవరో తడుతున్నారు.