పదకొండు నెలల కాగితం

వంద రూపాయల స్టాంపు కాగితం మీద
పదకొండు నెలలని రాసుకున్నాం.
ఐదో నెల్లోనే తెల్లమచ్చ తెగులొచ్చి
భీమవరం చుట్టూ
రెండొందల కౌంటుకే చెరువులు పట్టేశారు.
నేను నీళ్లు పరీక్షించే ల్యాబుకి తాళం.

"రెండు నెలల ముందు చెప్పాలి కదమ్మా"
అన్నారు పేర్రాజు గారు, కాగితం మడత విప్పకుండానే.
నాకు మాత్రం ఎవరు చెప్పారండీ ముందు?
అనలేదు. అడ్వాన్సు ఆయన దగ్గరుంది.

రాత్రంతా మేకులు పీకాను.
చిల్లుల్లో టూత్‌పేస్టు కూరి
చెల్లని ఏటీఎం కార్డుతో చదును చేశాను.
క్యాలెండరు మేకు ఒక్కటీ వదిలేశాను,
అది నాకన్నా ముందునించీ ఉంది.

పొద్దున్నే వచ్చారు, లుంగీ ఎగ్గట్టి,
గోడంతా బొటనవేలితో తడుముకుంటూ.
వంటింటి తలుపు పక్కన ఆగి
వేలు వాసన చూశారు.

కోప్పడలేదు.
"పాలకొల్లులో మేం అద్దెకున్నప్పుడు
మా ఆవిడ అన్నం మెతుకులు పెట్టి పూడ్చేది,
చీమలు పట్టించేశాయి" అన్నారు.

అని,
సున్నానికని రెండు వేలు పట్టుకునే
మిగతాది ఇచ్చారు,
అదే వేలు తడి చేసుకుని
రెండుసార్లు లెక్కపెట్టి.

బస్సు ఉండి దాటేదాకా
నా పర్సులో
పుదీనా వాసన.