శనివారం తెరిచే కొండ

చీమకుర్తిలో కొండని తలెత్తి చూడరు.
అంచున నిలబడి వంగి చూస్తారు.
అడుగున మాలకొండయ్య మామ హెల్మెట్,
పసుప్పచ్చని ఆవగింజ.

నేను బ్లాకులు కొలిచేవాణ్ణి.
ఎడం చేతిలో టేపు, కుడి చేతిలో ఎర్ర పెయింటు.
నల్లరాతి మీద చెంబెడు నీళ్ళు చల్లితే
లోపల్నించి చుక్కలు లేస్తాయి.
గెలాక్సీ అని పేరు పెట్టారు అందుకే,
టన్నుకింతని రేటూ పెట్టారు.

షియామెన్ రేవు నించి వచ్చింది లిన్, రాయి కొనడానికి.
వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వింటుంది,
మా అమ్మ పుచ్చకాయ బేరమాడినట్టు.
పన్నెండు బ్లాకులు తీసుకుంది.
పదమూడోదానికి అడ్డంగా జీర.
నేను కొట్టేసే గుర్తు పెట్టబోతుంటే
ఆగమని చెయ్యెత్తింది.

నా జేబులో సుద్దముక్క లాక్కుని
రాతి మీద అయిదు బొమ్మలు గీసింది.
కొండల్లా లేవు. ఎండిన వాగుల్లా,
చెదలు తిన్న చెక్కలా ఉన్నాయి.
తను ఫోన్లో ఏదో చెప్పింది.
ఫోను తన తెలుగులో మాకు చెప్పింది:

"ఇవి కొండలు. తూర్పు పడమర దక్షిణం ఉత్తరం నడుమ.
బయట నుండి కాదు. లోపల నుండి గీయబడినవి.
కొండ ఖాళీ. ఖాళీలో ఇంకొక ఆకాశం కలదు.
అక్కడ ముసలివారు చావడం మర్చిపోయారు.
ఒక కొండ నుండి మరొక కొండకు భూమి కింద దారి. టికెట్ లేదు."

వాళ్ళ తాత ఈ బొమ్మల కాగితం
చొక్కా మడతలో కుట్టుకుని కొండెక్కేవాడట.
లేకపోతే కొండ మనిషిని గుర్తుపట్టదట.

నాకు నవ్వొచ్చింది. మామకి రాలేదు.
అన్నం క్యారేజీ కింద పెట్టి,
మూడో బొమ్మలో సన్నని గీత మీద వేలుపెట్టి,
"ఇది మా మాలకొండ సందు గదబ్బయా" అన్నాడు.
"రెండు బండల మధ్యన. ఎంత లావోడికైనా దారిస్తాది.
శనివారం ఒక్కటే మనది.
తతిమ్మా ఆరు రోజులు ఎక్కబాకండి అంటారు."

ఆరు రోజులు ఎవరిది? అంది ఫోను.

మామ మెతుకులు దులుపుకుని
కాసేపు గుంటలోకి చూశాడు.
"ఇందాక నువ్వు చెప్పినోళ్ళదే."

ఆ సాయంత్రం హాజరు పట్టీ రాస్తుంటే
చెయ్యి ఆగింది.
డ్రిల్లు మీద పెంచలయ్య. కోనలో మొక్కి కన్నారు.
వైర్ సా దగ్గర సింగరయ్య,
క్రేనులో భైరవుడు, ఇరవై రెండేళ్ళవాడు,
గుండు ఇంకా పూర్తిగా మొలవలేదు.
అమ్మలు ఎక్కి దిగిన కొండలన్నీ
టిఫిన్ డబ్బాలు పట్టుకుని డ్యూటీకొస్తున్నాయి,
సంతకం రానివి వేలిముద్ర వేస్తున్నాయి.
నాలుగు దిక్కులూ సరిపోయాయి.
నడిమిది, కిటికీ అవతల,
మేము రోజూ కాస్త కాస్త
ఖాళీ చేస్తున్నది.

పదమూడో బ్లాకుని డంపు మీదకి తోలారు.
మా ఊళ్ళో పెరిగే కొండ అదొక్కటే:
పనికిరాదన్న రాయంతా ఒకచోట.
సర్కారు తుమ్మ మొలిచింది, మేకలు ఎక్కుతాయి,
మొన్న ఎవరో ఒక రాతికి పసుపు రాశారు.
సుద్ద గీతలు రెండు వానలకి పోయాయి.
జీర మాత్రం ఉంది.
దగ్గరికెళ్ళి కణుపుతో తట్టాను.
వినడం నాకు చేతకాదు.

శనివారం మామ రాలేదు.
పేరు ఎదుట సెలవు అని రాయాలి.
తెరిచి ఉంది, అని రాశాను.
సూపర్‌వైజర్ అడిగితే ఏం చెప్పాలో
ఇంకా ఆలోచించలేదు.