తాలుగాయ

ఎనుమాముల యార్డుల పన్నెండేండ్ల సంది
తాలుగాయ ఏరుతున్న.
పైకెంత నిగనిగలాడినా
తొడిమ కాడి తెల్లమచ్చ
నా వేలు దాటి పోదు.

మొన్న రాత్రి ఫేస్‌బుక్కుల
యారాలి పేరు మీద వచ్చింది:
“అక్కా, ఈ వీడియోల ఉన్నది నువ్వేనా?”
గుండె జల్లుమన్నది.
ఘాటు ఇంకా వదలని బొటనవేలితోని
నొక్కనే నొక్కిన.

తెర మొత్తం ఎర్రగైంది.
‘ముందు మోసమున్నది, వెనక్కి పో.’

హమాలీ ఐలయ్య కొడుకు కొమురెల్లి
“బ్రౌజర్ల కాపలా పెట్టిన పెద్దమ్మా” అన్ననాడు
నవ్విన నేను.

ఎరుపంటే మాకు ధర.
భయపెట్టే ఎరుపు ఇదే చూసుడు.

యారాలికి ఫోన్ జేస్తే
“నేనేం పంపలేదక్కా,
నాకూ గట్లనే వచ్చింది, నొక్కిన,
పాస్‌వర్డ్ అడిగితే కొట్టిన”
అని ఒకటే ఏడుపు.

ఆదివారం యార్డు బంద్.
ఫోన్ పట్టుకొని రమ్మన్న.
ఇద్దరం కూసొని ఏరాలె.