పళ్ల వెనక మాటలు

లెస్వోస్ ద్వీపంలో, కల్లోనీ పాయ ఒడ్డున,
సార్డీన్ చేపలకు ఉప్పు పట్టించే షెడ్డు వెనక
ఆసిమీనా పెద్దమ్మ గది.
మంచం, బల్ల, నీళ్లు పోసిన పింగాణీ పళ్లెం.

దిష్టి తగిలినవాళ్లు అక్కడికే వస్తారు.
కొత్త పడవ కొన్న ఇగ్నాతిస్ వచ్చాడు
తల పగిలిపోతోందంటూ, టోపీ నలుపుకుంటూ.

ఆవిడ ఆలివ్ నూనెలో వేలు ముంచి
మూడు చుక్కలు వదిలింది.
మొదటిది గుండ్రంగా నిలబడింది.
రెండోది కాస్త ఆలోచించింది.
మూడోది విచ్చుకుని, పల్చబడి,
ఎవరిదో చూపులా పళ్లెమంతా పాకింది.

పెదాలు కదలకుండా మొదలైంది ప్రార్థన.
రెండు మాటలైనా అయ్యాయో లేదో
దవడ దానంతటదే జారింది.
ఒక ఆవులింత.
వెనకే దాని అన్న.
ఆ వెనక చుట్టాలంతా.
కళ్ల వెంట ధారగా నీళ్లు.
"గట్టిదే తగిలింది," అంది మధ్యలో,
ఏప్రన్ అంచుతో ముక్కు తుడుచుకుని.
నేను లెక్కపెట్టాను. పదకొండు.

మూడింటికే లేస్తావు, అలసటేమో పెద్దమ్మా, అన్నాను.
రాత్రి కాపలావాణ్ణి, నిద్ర సంగతి నాకు తెలుసు.
"నలభై ఏళ్లు ఉప్పు బస్తాలు మోశాను స్ట్రాతీ,
ఒక్కసారీ ఆవులించలేదు.
బరువుకీ బరువుకీ తేడా ఉంది."

చర్చిలో పాదిరి అంటాడు, అది సైతాను సైగ,
నోటిమీద సిలువ గుర్తు వేసుకొమ్మని.
ఆరోగ్యకేంద్రం డాక్టరమ్మ అంటుంది
కదలకుండా కూచుని ఒకే లయలో ఊపిరి తీస్తే
దేహం తనను తాను తట్టి లేపుకుంటుందేమోనని.
"ఏమో"ని ఆవిడే రెండుసార్లు అంది.

ఆ ప్రార్థన ఆడమనిషి మగవాడికే చెప్పాలి,
మగవాడు ఆడమనిషికే.
ఈస్టరుకు ముందు గురువారం నా చెవిలో వేసింది.
పైకి అనకూడదు. రాయకూడదు.
అందుకే ఇక్కడా లేదు.

నా వంతు మరుసటేడు మార్చిలో వచ్చింది,
ఆవిడే మంచాన పడ్డప్పుడు.
దిష్టి పెట్టడానికి నీ దగ్గర ఏముందని
నవ్వబోయి ఆగాను.
నాకు నమ్మకం ఉందని చెప్పను.
చుక్క వదిలి కళ్లు మూశాను.

మాటలు ఒక్కొక్కటే గొంతుదాకా వచ్చి
పళ్ల వెనక వరసకట్టాయి.
బయటికి పొమ్మనలేను, మింగలేను.
అప్పుడు తెరుచుకుంది నోరు,
నన్ను అడక్కుండా,
పొద్దున్నే షెడ్డు తలుపు తెరుచుకున్నట్టు
కీళ్లు కిర్రుమంటూ.
ఒక్క మాటా జారలేదు.
గాలి మాత్రం వెళ్లింది.

ఆవిడ దిండు మీంచి చూస్తోంది.
"ఎన్ని?"
లెక్క తప్పాను.
మంచం కింద పిల్లి ఒళ్లు విరుచుకుని ఆవులించింది.
"దానికెవరు చెప్పారు?" అంది పెద్దమ్మ,
తనూ నోరు తెరుస్తూ.