బొగ్గు ఓడ

సబ్‌మెరైన్‌లో తల వంచుకుని నడిచాం.
బొర్రా గుహల్లో చీకటి
మెడ మీద చుక్కచుక్కగా రాలింది.
కైలాసగిరి మీద మొక్కజొన్న పొత్తు కొరుకుతూ
సముద్రం ఎందాకా ఉందో నేను చూస్తుంటే
పైడిరాజు బావ హార్బరు వైపు వేలు చూపి
"అదుగో, ఆ మూడో క్రేను... నాదే" అన్నాడు,
తన పొలం గట్టు చూపించినట్టు.

రాత్రి జ్ఞానాపురంలో
అక్క కిటికీ అంచు తుడిచింది. గుడ్డ నల్లబడింది.
పొద్దున్నే మళ్లీ తుడిచింది.
"బొగ్గు ఓడొచ్చినట్టుంది" అంది,
చుట్టాలొచ్చినట్టు.
బావ నిద్రలోనే దగ్గాడు.
లేచి డ్యూటీకి టిఫిన్ డబ్బా సర్దుకున్నాడు.

తిరుగు రైల్లో ఫోటోలు చూసుకున్నాను.
అలలన్నీ ఒకేలా ఉన్నాయి.
ఇంటికొచ్చి తెల్లచొక్కా విప్పితే
కాలరు మీద సన్నటి నల్లగీత.

వారమైంది.
ఇంకా ఉతకడానికి వేయలేదు.