ఇనప రాత్రులు

మే పదహారు. కిటికీ గట్టున
పాల డబ్బాల్లో ఆరు జుకినీ మొలకలు
అద్దానికి చెంపలానించి నిలబడ్డాయి.

"ఇప్పుడే కాదు," అంది గున్‌వోర్,
పాత కర్టెన్ అంచు కుడుతూ
పళ్ల మధ్య సూదితో.
జూన్ మొదట్లో మళ్లీ వచ్చే మంచుని
యెమ్ట్‌లాండ్‌లో ఇనప రాత్రులంటారు.
అవి పోనీ.

పోయినేడు నేనాగలేదు.
రెండు రోజులు ఎండ కాసింది,
స్వెటర్ విప్పాను, నాటేశాను.
తెల్లారి చూస్తే
ఉడికిన బచ్చలిలా ఆకులు.
తనేమీ అనలేదు. సాయంత్రం నా మెట్ల మీద
కాగితంలో మడిచి నాలుగు గింజలు.

అందుకే ఈసారి పగలు బయటికి, రాత్రి లోపలికి
మోస్తూనే ఉన్నాను.
తను వంగి, మట్టిలోకి మోచెయ్యి దించి,
పసిబిడ్డ స్నానపు నీళ్లు చూసినట్టు చూసి,
"ఊఁహూఁ."
వారం తర్వాత మళ్లీ
"ఊఁహూఁ."

జూన్ పన్నెండు. చీకటే పడని రాత్రి పదింటికి
నల్ల ప్లాస్టిక్‌కి చిల్లులు కోసి
ఆరింటినీ దించాం.
కాయడానికి యాభై రోజులు,
మళ్లీ మంచుకి ఎనభై.
లెక్క సరిపోయింది.

అయినా వెళ్తూ వెళ్తూ
ఆ కర్టెన్ నా భుజానేసి వెళ్లింది.